కార్డుకెక్కిన పైత్యం

మా అమ్మమ్మకు పైత్యం అంటే కడుపుకు సంబంధించిన వ్యవహారం. పొద్దున్న లేచేసరికి నోరు చేదుగా ఉంటే పైత్యం. బస్సులో తల తిరిగితే పైత్యం. ఎండలో ఆడి వచ్చి అన్నం వద్దంటే అదీ పైత్యమే. ధనియాలు, శొంఠి వేసి కషాయం కాచి, ముక్కు మూసి గటగటా తాగించేది. వేసవి సెలవుల్లో బందరు దగ్గరున్న వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడల్లా నాకూ ఒక గ్లాసు తప్పేది కాదు, అందుకని ఆ మాట రుచి నాకు బాగా తెలుసు.

ఢిల్లీలో మా ఇంట్లో అదే మాట నాన్నకు బిరుదు. ఆయన ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతూనే ఆ రోజు బస్సు కండక్టరు ఎలా అరిచాడో, పాల డిపో దగ్గర క్యూలో ముందుకు దూరిన పెద్దమనిషి ఏమీ ఎరగనట్టు ఆకాశం వంక ఎలా చూశాడో చేసి చూపించేవారు. అమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడి చూసేది. "చాల్లెండి మీ పైత్యం, అక్కడ కూర మాడిపోతోంది" అనేది కళ్ళు తుడుచుకుంటూ. అమ్మమ్మ దగ్గర కషాయం తాగించే మాట మా ఇంట్లో నవ్వు ఎలా అయిందని ఒకసారి అడిగాను. "కడుపులో ఉంటే కక్కుకుంటారు, తలకెక్కితే వేషాలేస్తారు. రెండూ ఒకటే" అంది అమ్మ. నేను నమ్మలేదు.

నేను ఎవరి మాటా ఓ పట్టాన నమ్మేదాన్ని కాదు. ఇప్పటికీ నమ్మను. ఇదేదో గొప్పని చెప్పడం లేదు, పుట్టుకతో వచ్చిన గుణం. స్కూల్లో టీచరు మెచ్చుకుంటే ఈవిడకు నాతో ఏం పని పడిందా అనుకునేదాన్ని. ఎవరైనా చాక్లెట్ ఇస్తే ముందు కాగితం వాసన చూసేదాన్ని. కూరలబండి వాడు కొత్తిమీర ఊరికే వేస్తే టమాటాలు మళ్ళీ ఏరుకునేదాన్ని. అమ్మ దీన్ని అనుమానప్పైత్యం అనేది. ఆ విధంగా ఆ మాటకు మూడో అర్థం నా మూలంగా వచ్చింది.

మేము ఆర్కే పురం సర్కారు క్వార్టర్లలో రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. నేనొక్కదాన్నే సంతానం. నాన్న ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. మా ఎదురు తలుపు వాళ్ళది కరీంనగర్ వైపు. ఆ అంకుల్ కూడా నాన్న పనిచేసే శాఖలోనే, ఉద్యోగుల సర్వీసు ఫైళ్ళు చూసే సెక్షన్లో ఉండేవారు. ప్రమోషన్ల వరసలో నాన్న పేరు, ఆ కిందనే ఆయన పేరు. ఈ సంగతి అమ్మ ఎవరితోనో అంటుండగా విన్నాను. విన్న రోజు నుంచీ అంకుల్ మా ఇంట్లో టీ తాగుతుంటే కప్పు మీంచి ఆయన కళ్ళు ఎటు చూస్తున్నాయో గమనించేదాన్ని.

ఢిల్లీ చలికాలంలో ఆఫీసుల వాళ్ళు మధ్యాహ్నం భోజనం కాగానే బయట లాన్‌లోకి వచ్చి ఎండలో కూర్చుంటారు. స్వెట్టర్లు అల్లేవాళ్ళు అల్లుతారు, పేకాడేవాళ్ళు ఆడతారు, అందరి మధ్యా వేరుశనక్కాయల తొక్కలు గుట్టలు పడతాయి. నాన్న అక్కడ తన డిప్యూటీ సెక్రటరీని చేసి చూపించేవారు. ఆ అధికారి ఫైలు మీద సంతకం పెట్టే ముందు పెన్ను మూత తీసి, పాళీ వంక చూసి, దాని మీద ఉఫ్‌మని ఊది, పైకప్పు వంక చూసి, ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ మూత పెట్టేసి, "పుట్ అప్ ఎగైన్" అనేవారట. అంటే ఇంకోసారి తీసుకురమ్మని. నాన్న వేరుశనగ తొక్కను పెన్ను మూతగా పట్టుకుని ఇదంతా చేసేవారు. స్కూలు సెలవున్న రోజు ఒకసారి ఆయనతో వెళ్ళి చూశాను. బెంగాలీ బాబులు, పంజాబీ బాబులు, మద్రాసు వాళ్ళు అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వుతున్న వాళ్ళలో ఎవరు నిజంగా నవ్వుతున్నారు, ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు అన్న అనుమానం వచ్చింది. ఎదురింటి అంకుల్ నవ్వలేదు. ఆయన శనక్కాయలు ఒలుచుకుంటూ మధ్యమధ్య భవనం వంక చూస్తున్నారు. నేనది మనసులో రాసుకున్నాను.

రెండు చలికాలాలు ఇలా గడిచాయి. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. నాకప్పుడు పదమూడేళ్ళు. తక్కువ మాట్లాడి ఎక్కువ పనిచేయమని బస్సుల మీదా గోడల మీదా రాశారు. తొమ్మిదిన్నర కొట్టేసరికి ఆఫీసు తలుపులు మూస్తున్నారని నాన్న టిఫిన్ తినకుండా పరుగెత్తేవారు. యాభై దాటిన ఉద్యోగుల్లో పనికిరాని వాళ్ళెవరో చూసి ముందుగానే ఇంటికి పంపేస్తున్నారని, అందుకు ప్రతి ఆఫీసులో జాబితాలు తయారవుతున్నాయని చెప్పుకునేవారు. నాన్నకు ఆ ఏడే యాభై నిండాయి. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చేయాలి, నా స్కూలు ఆగిపోతుంది, బందరు వెళ్ళి ఎవరి పంచన ఉండాలో తెలియదు. ఇవన్నీ అమ్మ నాతో చెప్పలేదు. బియ్యం ఏరుతూ తనలో తాను గొణుక్కుంటుంటే విన్నాను.

దీపావళి వెళ్ళిన వారంలో నాన్నకు మెమో వచ్చింది. పై అధికారులను నలుగురిలో అవహేళన చేస్తున్నారనీ, దీనికి వారంలోగా సంజాయిషీ ఇవ్వాలనీ దాని సారాంశం. నాన్న ఆ కాగితాన్ని చదివి వినిపిస్తూ అలవాటు చొప్పున ఆ అధికారి గొంతే పెట్టబోయి, సగంలో ఆగిపోయారు. అమ్మ నవ్వలేదు. ఆ క్షణంలో నాకు భయం వేసింది, ఎందుకంటే నాన్న వేషానికి అమ్మ నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.

"ఎవరు చెప్పుంటారంటారు?" అంది అమ్మ.

"ఎవరైతే ఏంటి. అందరూ చూశారుగా" అన్నారు నాన్న.

ఎవరో నాకు తెలుసుననుకున్నాను. ఆ సాయంత్రమే ఎదురింటి అంకుల్ తలుపు కొట్టారు. మెమో సంగతి మేమింకా ఎవరికీ చెప్పలేదు, ఈయనకెలా తెలిసింది? సర్వీసు ఫైళ్ళు చూసే మనిషి కాబట్టి తెలుస్తుందన్న మాట నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆయన మంచం మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పారు. "అన్నా, నీ పేరు జాబితల ఉన్నది. నేను నా కండ్లతోని సూసిన. ఇప్పుడు తప్పయింది మాఫ్ చేయిర్రి అని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టయితది, ఇంటికి పంపిస్తరు. నేను చేయలే అని రాస్తే, సూసినోళ్ళు యాభై మంది గవాహులున్నరు."

"మరేం రాయమంటావయ్యా?"

"మెడికల్ రాయి. మా వాడలందరు అంటరు గద, వదిన గూడ అంటది, అన్నకు పైత్యం అని. అదే రాయి. ఒంట్ల బాగుండక అట్ల చేసిన, ఇలాజ్ నడుస్తున్నది, మందులు తింటున్న అని. డిస్పెన్సరీ కార్డు మీద డాక్టర్ రాసియ్యాలె, అంతే."

"అంటే నేను వేషం వేసింది రోగం వల్లనని నా చేత్తో రాసివ్వాలా?" అన్నారు నాన్న.

"నవ్వించిన అని రాస్తే నౌకరి పోతది అన్నా. రోగం అని రాస్తే సెలవిస్తరు."

సలహా బాగానే ఉంది, అందుకే నాకు నచ్చలేదు. ఇంత తొందరగా ఉపాయం తట్టిందంటే అపాయం తెచ్చిందీ ఈయనేనేమో అనుకున్నాను. నాన్న రోగిష్టి అని ఫైల్లోకెక్కితే ఆ కిందున్న పేరే కదా పైకి వచ్చేది. అమ్మతో అన్నాను. "నోరు ముయ్యి, మనకు దిక్కయి వచ్చినవాణ్ణి పట్టుకుని" అంది.

మర్నాడు అమ్మే నాన్నను డిస్పెన్సరీకి తీసుకెళ్ళింది, నన్ను కూడా రమ్మంది. సర్కారు ఉద్యోగుల డిస్పెన్సరీలో ఇంగ్లీషు వైద్యం ఒక గదిలో, ఆయుర్వేదం ఒక గదిలో ఉండేవి. ఇంగ్లీషు డాక్టరు రక్తపరీక్షలు రాస్తాడు, అందులో ఏమీ లేదని తేలుతుందని అమ్మ ఆయుర్వేదం గది ముందు కూర్చోబెట్టింది. వైద్యుడు హర్యానా వైపు పెద్దాయన, తెల్లటి మీసాలు. నాన్న నాడి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అమ్మకు హిందీ కూరలు కొనేంత మటుకే వచ్చు. "ఇన్‌కో పిత్త్ హై. బహుత్ దిన్ సే. సబ్‌కో హఁసాతే హైఁ" అంది. పైత్యం ఉందని, చాలా రోజుల నుంచీ ఉందని, అందరినీ నవ్విస్తారని.

నవ్వించడం రోగలక్షణమని విని ఆయన నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. "నిద్ర?" అని అడిగారు. అమ్మ తక్కువని చెప్పింది. "కోపం?" ఉందంది. నాన్నకు కోపం వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. వైద్యుడు కార్డు మీద పిత్త వికారమని దేవనాగరిలో రాసి, ఆ పక్కనే ఇంగ్లీషులో నరాల బలహీనత అని ఒక ముక్క చేర్చి, ముద్ర వేశారు. మూడు పొట్లాల చేదు చూర్ణం ఇచ్చి, పులుపు, కారం, ఆవ, నువ్వులు, పెరుగు ముట్టకూడదన్నారు. ఆ లెక్కన ఆవకాయ, గోంగూర, పులుసు, చారు, పులిహోర అన్నీ బంద్. నాన్న బయటికి వచ్చాక, "ఇంతకన్నా ఉద్యోగం పోవడమే నయంలా ఉందే" అన్నారు. అమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని నవ్వింది.

సంజాయిషీ అంకుల్ ఇంగ్లీషులో చెప్పారు, నాన్న గుండ్రటి అక్షరాలతో రాశారు. పది రోజులకు జవాబు వచ్చింది. జాబితాలోంచి పేరు ప్రస్తుతానికి తీశారట. కానీ వైద్యం సాగుతున్నట్టు నెలనెలా డిస్పెన్సరీ కార్డు చూపించాలి, ప్రవర్తన గమనిస్తూ ఉంటారు. ఉద్యోగం నిలిచింది. మా ముగ్గురికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"ఇంట్ల గూడ రోగమున్నట్టే ఉండాలె" అని అంకుల్ హెచ్చరించారు. "కింద వాళ్ళు, పై వాళ్ళు అందరు సర్కారోళ్ళే. ఎవడు ఏం చాడీ మోస్తడో తెల్వది." గోడలకు చెవులుంటాయనే సామెత ఆ క్వార్టర్ల గోడల విషయంలో సామెత కాదు. పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో మాకు తెలిసేది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక నాటకం మొదలైంది. నాన్న ఏదైనా తమాషా మాట అంటే అమ్మ కిటికీ వైపు తిరిగి, కింద వాళ్ళకు వినబడేలా, "మళ్ళీ పైత్యం లేచిందండీ, మందు వేసుకోండి" అనేది. ఇరుగమ్మలు పొరుగమ్మలు వచ్చి కూర్చున్నప్పుడు, "మా వారికి నవ్వొస్తే ఆగదమ్మా, డాక్టరు నవ్వద్దన్నాడు" అని చెప్పుకుని బాధపడేది. వాళ్ళూ బాధపడేవారు. ఒకావిడ ఉసిరికాయ పచ్చిది తినిపించమని, ఇంకొకావిడ మంగళవారం ఉపవాసం పెట్టించమని చెప్పారు. వాళ్ళు వెళ్ళాక మేం ముగ్గురం లోపలి గదిలో రజాయిలో మొహాలు దాచుకుని నవ్వేవాళ్ళం. నాన్న సొరకాయ కూర తింటూ జైలు కూడు తింటున్న ఖైదీలా మొహం పెట్టేవారు. మొదట్లో ఆ నాటకం బాగానే ఉండేది, చెప్పకేం, నాకు ఇష్టంగా కూడా ఉండేది.

ఎప్పుడు మారిందో చెప్పలేను. ఎండాకాలం వచ్చేసరికి లోపలి గదిలో నవ్వులు తగ్గాయి. అమ్మ, "పైత్యం లేచింది" అంటే నాన్న నిజంగానే లేచి చూర్ణం వేసుకుని నీళ్ళు తాగేవారు. కండక్టర్లూ పెద్దమనుషులూ మా ఇంటికి రావడం మానేశారు. మళ్ళీ చలికాలం వచ్చినా లాన్‌లోకి కూడా వెళ్ళలేదట, సీట్లోనే కూర్చుని డబ్బాలో అన్నం తిన్నారట. అమ్మ సంతోషించింది. "బుద్ధిగా ఉన్నారు" అంది. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

రెండో ఏడు ఎన్నికలయ్యాయి, ఎమర్జెన్సీ పోయింది. జాబితాలు చింపేశారన్నారు. ఆ అధికారికి వేరే ఊరు బదిలీ అయింది. అంకుల్ లడ్డూల పొట్లం పట్టుకుని వచ్చారు. "ఇగ కార్డు గీర్డు అవసరం లేదు అన్నా. మందు బంద్ చెయ్. రేపు లాన్‌ల అందరు నీకోసం ఎదురు సూస్తరు." నాన్న లడ్డూ తీసుకుని ముట్టకుండా పళ్ళెంలో పెట్టి, "నెయ్యి పడదయ్యా, డాక్టరు ఊరుకోడు" అన్నారు. నెయ్యి వద్దని ఏ డాక్టరూ అనలేదు. అంకుల్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఇది తమాషాయా కాదా తెలియక. నేనూ ఆ లడ్డూ తినలేదు, నా కారణం వేరు.

నెల తిరిగేసరికి నాన్న మళ్ళీ డిస్పెన్సరీకి వెళ్ళి కార్డు మీద ముద్ర వేయించుకుని వచ్చారు. ఎవరూ అడగలేదు. ఎవరికీ చూపించనక్కర్లేదు. ఆ పై నెల కూడా వెళ్ళారు.

నాకు పెద్ద అనుమానం పట్టుకుంది అప్పుడే. ఈయనకు నిజంగా జబ్బు చేసిందా, లేక ఇది కూడా వేషమేనా? నాన్న సంగతి నాకు తెలుసు. ఆయన ఒక మనిషిని పట్టుకున్నారంటే వాళ్ళ దగ్గు కూడా వదిలేవారు కాదు. ఇప్పుడు ఒక రోగిని పట్టుకుని, మా అందరినీ వెర్రివాళ్ళను చేసి లోలోపల నవ్వుకుంటున్నారేమో. అదే అయ్యుండాలని నేను కోరుకున్నాను. నవ్వుతున్నారంటే మా నాన్న ఇంకా లోపల ఉన్నారన్న మాట.

అందుకని కనిపెట్టడం మొదలుపెట్టాను. చూర్ణం డబ్బాలో పొడి ఎంత మేర ఉందో పెన్సిలుతో గీత గీసి మర్నాడు చూశాను. తగ్గింది. కిటికీలోంచి పారబోస్తున్నారేమోనని కింద మొక్కల్లో వెతికాను. నాలిక మీద వేసుకుని చూశాను, అది అబద్ధపు మందు కాదు, కన్నీళ్ళొచ్చాయి. అద్దం ముందు గడ్డం చేసుకుంటున్నప్పుడు తలుపు సందులోంచి చూశాను, ఒంటరిగా ఉన్నప్పుడైనా మొహం మారుతుందేమోనని. ఆయన గడ్డం మాత్రమే చేసుకున్నారు.

ఒక ఆదివారం ఆయన పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని, ఆ బదిలీ అయిన అధికారిని నేను చేశాను. కావాలనే తప్పు చేశాను. పాళీ మీద ఊదకుండానే పైకప్పు చూశాను, నిట్టూర్పు వదిలేశాను. నాన్న వేషంలో తప్పు చూసి ఊరుకునే మనిషి కాదు. చిన్నప్పుడు నేను కూరలబండి వాడి అరుపు తప్పు అరిస్తే పది సార్లు అరిపించారు. ఆయన పేపరు దించారు. కుడిచెయ్యి కొంచెం పైకి లేచింది. తర్వాత ఆ చెయ్యి కళ్ళజోడు సర్దుకుని కిందికి దిగింది. "పరీక్షలు దగ్గరకొస్తున్నాయిగా, చదువుకో" అన్నారు. కోపంగా కాదు, చాలా జాగ్రత్తగా అన్నారు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ధౌలా కువాన్‌లో కాలేజీలో చేరాక కూడా మానలేదు. హిందీ లెక్చరరు గారి నడక తెచ్చాను, కాంటీన్‌లో సమోసాల భయ్యా మాట తెచ్చాను, బస్సులో జరిగినవి కొన్ని, జరగనివి కొన్ని తెచ్చాను. అమ్మ నవ్వేది. నాన్న నా మొహం వంక, అమ్మ మొహం వంక మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయేవారు. నేను వెనకాలే వెళ్ళి చూసేదాన్ని, గోడ వైపు తిరిగి నవ్వుకుంటున్నారేమోనని.

కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ నాన్న ఆయుర్వేద వైద్యుడు. ఆ పిల్ల ఒక రోజు మాటల మధ్య, కారణం లేకుండా నవ్వడం వాతం లక్షణమనీ పిత్తానికి వచ్చేది కోపమనీ చెప్పింది. ఇంటికి రాగానే అమ్మను నిలదీశాను, ఆ రోజు వైద్యుడికి పిత్తమని ఎందుకు చెప్పావని. "మనం ఇంట్లో అనేదే కదే చెప్పాను. ఆ వైద్యుడికి రావలసిన అనుమానం నీకొచ్చిందా?" అంది. ఇన్నేళ్ళూ నాన్న మింగింది ఆయన రోగానికి మందు కాదు, మా ఇంటి మాటకు మందు. ఇది చెబితే మానేస్తారని పరుగున వెళ్ళి చెప్పాను. ఆయన విని, "ఏదో ఒకటి, పడుతోందిగా" అన్నారు.

ఎనభై మూడులో, నా డిగ్రీ అయిపోయిన మరుసటి ఏడు, నాన్న రిటైరయ్యారు. ఆఖరి రోజు ఆఫీసులో టీ పార్టీ ఇస్తే అమ్మా నేనూ కూడా వెళ్ళాం. బంతిపూల దండ వేసి, గోడ గడియారం ఇచ్చారు. ఆఫీసులో పాత బాబులు కొందరు మిగిలి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన లేచి, పోతూ పోతూ ఒక్కసారి పాత సాహెబును చూపించి వెళ్ళమని అడిగారు. అందరూ బల్లలు చరిచారు. నాన్న లేచి చేతులు జోడించి, "డాక్టరు వద్దన్నారు" అన్నారు హిందీలో.

గది మొత్తం ఘొల్లున నవ్వింది. ఇదే వేషమనుకున్నారు. నేను నాన్న పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు కనబడింది. ఆ నవ్వుకు ఆయన ఉలిక్కిపడ్డారు. ఆయన మొహం తలుపు వైపు తిరిగింది, బయటికి దారి ఎటో చూసుకుంటున్నట్టుగా. పక్కనుండి ఎదురింటి అంకుల్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

బస్సు స్టాపుకు నడుస్తున్నప్పుడు అమ్మా నాన్నా ముందు వెళ్తుంటే నేను అంకుల్‌ను వెనక ఆపాను. ఎనిమిదేళ్ళుగా అడగనిది అడిగాను. ఆ రోజు నాన్న మీద చెప్పింది మీరేనా అని సూటిగా అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. గడియారం డబ్బా ఒక చంకలోంచి ఇంకో చంకకు మార్చుకున్నారు.

"ఎవరు చెప్పలే బిడ్డా. చెప్పే పనే లేదు. సాబ్ గది కిటికీ లాన్ దిక్కే ఉండె. రెండు చలికాలాలు ఆయన ఆడ నిలవడి సూసిండు. నేను సూస్తుంటి గద, పరదా పక్కకు జరిపి సూసి నవ్వుతుండె, కడుపు పట్టుకోని నవ్వుతుండె. తర్వాత పై నుంచి పేర్లడిగిర్రు. ఇయ్యాలె గద ఎవలదో ఒకలది. రాసిండు."

లాన్‌లో ఆయన శనక్కాయలు ఒలుస్తూ భవనం వంక ఎందుకు చూసేవారో అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ళ నా అనుమానానికి ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలి. చెప్పలేదు, బస్సు వచ్చింది.

మర్నాడు పొద్దున్న నాన్న ఆఫీసు లేని మొదటి రోజు. బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఏం చేయాలో తెలియనట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. నేను కింద కూర్చుని అంకుల్ చెప్పింది చెప్పాను. ఎవరూ మోయలేదని, ఆ అధికారే కిటికీలోంచి చూశాడని, నవ్వాడని కూడా చెప్పాను.

"తెలుసమ్మా" అన్నారు.

"ఎప్పటినుంచి?"

"మొదటి చలికాలం నుంచీ. పరదా కదిలేది కదా. ఆయనకు కనబడేటట్టు అటు తిరిగి చేసేవాణ్ణి. తన నిట్టూర్పుకు తనకే నవ్వొచ్చిందంటే అది కుదిరినట్టే కదా అనుకునేవాణ్ణి. లాన్‌లో వాళ్ళు ఎవరిని చేసినా నవ్వుతారు. ఆయన నవ్వడమే నాకు గొప్పగా ఉండేది. మెమో కింద సంతకం చూశాను. ఆయనదే. పాళీ మీద ఊదే పెట్టుంటాడు."

అది తమాషా మాట. ఏడెనిమిదేళ్ళలో మొదటిది. నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాను.

"నాన్నా, నిజం చెప్పండి. ఇన్నాళ్ళూ మీకు జబ్బు చేసిందా, నటించారా?"

"మొదటి ఆరు నెలలు నటించాను" అన్నారు. "ఆ తర్వాత, ఎవరైనా నవ్వితే భయం వేసేది. నవ్వినవాడే సంతకం పెట్టాడు. ఇంక ఎవరి నవ్వు చూసినా వీళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అనిపించేది. మందు వేసుకుంటే కొంచెం తగ్గేది."

"మేం నవ్వినా?"

"మీ అమ్మ నవ్వితే ఫరవాలేదు, అలవాటే" అన్నారు. "నువ్వు మాత్రం ఏదో ఒకటి చేసి చూపించి, తర్వాత నా మొహంలోకే చూసేదానివి. నేను ఏం చేస్తానో అని. కిటికీలోంచి చూసినట్టు."

ఆయనను నవ్వించడానికని చేశానని చెప్పబోయాను. కానీ నేను చేసింది నవ్వించడానికి కాదు, పట్టుకోవడానికి. అది ఆయనకు మొదటి రోజే తెలిసింది.